లక్ష దాకా లెక్క

దీని మైళ్ళ మీటర్లో ఐదు గళ్ళే.
తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటితే
ఇక లెక్క రాదు.
లక్ష అనే మాట నేర్పకుండానే
ఓడెక్కించేశారు జపాన్‌లో.

డెబ్భైరెండు నాటి డాట్సన్ 1200.
ఆవపిండి రంగు.
అమ్మినవాడు బ్లాగోయా,
పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో
ముప్పై ఒక్క ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డవాడు.
కొన్న కొత్తలో గేటు దగ్గర నవ్వారట తోటివాళ్ళు,
రేకుడబ్బా అని.
ఈ దేశపు ఎర్రమట్టే కదా ఓడెక్కి వెళ్ళింది,
బండై దిగింది.
పుట్టింటివాళ్ళే నవ్వారన్నమాట పిల్లని చూసి.
"వాళ్ళ బళ్ళన్నీ తుక్కుకెళ్ళాయి" అంటాడు బ్లాగోయా,
"కరిగించింది నేనే."

నేను వులంగాంగ్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
లోపలిది చూడందే దేన్నీ నమ్మను.
ఫ్రిజ్ మీది అయస్కాంతానికి పాత చున్నీ ముక్క చుట్టి
తలుపు కింది అంచు వెంట జరుపుతూ పోయాను.
అంటుకుంది.
అంటుకుంది.
అంటుకుంది.
జారింది.
"ఇక్కడ పుట్టీ పెట్టావు" అన్నాను.
బ్లాగోయా సముద్రం వైపు చూశాడు.
ధర మూడొందలు తగ్గింది.

ఏం చూసి మనసుపడ్డావని అడుగుతారు డ్యూటీలో పిల్లలు.
ఏమని చెప్పను?
చలి పొద్దున చోక్ లాగితే
కచేరీకి ముందు గొంతు సవరించుకున్నట్టు
రెండుసార్లు దగ్గి అందుకుంటుంది.
ఎండాకాలం రెక్సిన్ సీట్లోంచి లేస్తే
పెనం వదిలిన దోసె చప్పుడు నా వీపుకి.
బానెట్ ఎత్తితే
ఇంజను చుట్టూ చెయ్యి పట్టేంత చోటు, కింద నేల కనిపిస్తూ.
ఎక్స్‌రే అక్కర్లేని ఒళ్ళు.

ఎడమ వెనక దీపం అద్దానికి ఎనిమిది నెలలు పట్టింది.
వారావాంగ్‌లో థువాన్ తన షెడ్డు వెనక గదిలోంచి తెచ్చి
వియత్నామీ వార్తాపత్రిక మడతలు ఒక్కొక్కటే విప్పాడు,
పురిటిగదిలో పసిగుడ్డుని చూపించినట్టు.
గాజు కూడా కాదు, ప్లాస్టిక్కే.
అయినా ఇద్దరం మాట్లాడలేదు కాసేపు.

మీటరు ఇప్పటికి ఎన్నిసార్లు సున్నా అయిందో
ఎవరికీ తెలీదు.
ఒకసారే, అంటాడు బ్లాగోయా.
రెండు, అంటుంది వంటింట్లోంచి స్తోయ్‌నా.
మా మేనత్త లక్షవత్తుల నోము పట్టి
డెబ్భైవేల దగ్గర లెక్క తప్పి
ఒక మధ్యాహ్నమంతా పత్తిబుట్ట ముందు కూచుని
మళ్ళీ ఒకటి అంది.
ఈ బండిని చూస్తే ఆవిడే గుర్తొస్తుంది నాకు,
అదే మొండి నడుము.

ఆదివారం తొమ్మిదులు నిండాయి, చివరి గడిలో ఒక్క ఎనిమిది తప్ప.
పొద్దున ఆరింటికే వచ్చాడు బ్లాగోయా
ఇస్త్రీ చొక్కా తొడిగి, ఫ్లాస్కు చంకన పెట్టి.
"నువ్వు రోడ్డు చూడు, నేను అంకెలు చూస్తా."
ఇల్లవారా సరస్సు పక్కన, విండాంగ్ వంతెన మీద
మొదలైంది ఎక్కడో టక్ టక్ టక్.
వాల్వులు, అన్నాడు.
కాదు, డాష్‌బోర్డు లోపల మర, అన్నాను.
నాకంటే ముందు పుట్టావా ఈ బండి దగ్గర, అన్నాడు.
చెవి తలుపుకి ఆనించాడు, తల కాళ్ళ మధ్యకి వంచాడు.
ఫ్లాస్కు మూత.
పట్టుకుంటే ఆగిపోయింది.

ఇద్దరం ఒక్కసారే మీటరు వైపు చూశాం.
నాలుగు సున్నాలు, ఒక ఒకటి.

చాలాసేపు ఏమీ అనలేదు అతను.
పెలికన్లు చేపలు కడిగే బల్ల చుట్టూ తిరుగుతున్నాయి.
తర్వాత మెల్లగా, దొంగతనానికి పిలిచినట్టు:
"పాత మీటర్లు, వెనక్కి నడిపితే వెనక్కి తిరుగుతాయి."

పడవలు దింపేచోట కార్ పార్కు ఖాళీ.
రివర్సు గేరు ఏడ్చే ఏడుపు తెలుసు కదా.
డెబ్భైఎనిమిదేళ్ళ బ్లాగోయా కిటికీలోంచి సగం బయటికి వాలి
ఎడమకి, ఎడమకి, అని అరుస్తున్నాడు.
మెడ తిప్పి తిప్పి నరం పట్టేసింది నాకు.
పదహారో చుట్టో, పదిహేడో
(మళ్ళీ లెక్క తప్పింది)
ఒకటి కొంచెం వణికింది,
దాని నెత్తి మీద
సున్నా అంచు.